తెరమీద తాళంచెవి

మదనపల్లె నుండి కదిరి వెళ్లే దారిలోని అంగళ్లు గ్రామానికి పేరులోనే అంగడి ఉన్నది. అంగడి అనగానే కేకలు, బేరాలు, నలుగురి కళ్లు గుర్తుకు వస్తాయి. ఐతే మన రాయలసీమ పశువుల సంతలలో పూర్వం నుండి ఒక చక్కని ఆచారం ఉన్నది. ఎద్దుల జత ధర తేలవలసి వచ్చినప్పుడు బేరమాడే ఇద్దరూ తుండుగుడ్డ కింద చేతులు కలుపుతారు. వేళ్లు పట్టుకొని అంకెలు చెప్పుకొంటారు. చుట్టూ వందమంది నిలబడి చూస్తున్నా అంకె మాత్రం గుడ్డ చాటుననే ఉంటుంది. ఎద్దు అందరికీ కనబడవచ్చు. దాని పళ్లు, నడక, మూపురం ఎవరైనా పరీక్షించవచ్చు. ధర మాత్రం ఆ ఇద్దరిదే. చూపవలసినదేదో, చాటున ఉంచవలసినదేదో ముందుగానే వేరుచేసుకొనే ఈ వివేకం అక్షరం రాని రైతుకు ఉన్నది. కంప్యూటరు ముందు కూర్చున్న మనకు అది కొరవడుతున్నదని నా అనుమానం. ఆ అనుమానానికి కారణమైన ఒక సంఘటనను మొదట మనవి చేస్తాను.

నేను తెలుగు బోధించేవాడిని. ఛందస్సును గురించి అడిగితే నాలుగు మాటలు చెప్పగలను గాని కంప్యూటరు శాస్త్రం నా విషయం కాదు. ఐనా మన పూర్వ విద్యార్థి ఒకరు బెంగుళూరు నుండి వచ్చి చివరి సంవత్సరం విద్యార్థులకు క్లౌడ్ విధానాన్ని ప్రదర్శించి చూపినప్పుడు సభాధ్యక్షత నాకు అప్పగించారు. పుంగనూరు, కుప్పం ప్రాంతాల నుండి ఆ రోజు రాలేకపోయిన వారి కొరకు అదే దృశ్యాన్ని ఆన్‌లైన్‌లో కూడా పంచారు, రికార్డు చేశారు. ఉపన్యాసం బాగున్నది. నడుమ ఏదో ఫైలు తెరవబోయి ఆయన మరొక ఫైలు తెరిచారు. తెరమీద అర్థంలేని పొడవైన అక్షరాల వరుస రెండు మూడు క్షణాలు నిలిచింది. ఆయన ముఖం వెలవెలబోయింది. వెంటనే ఫైలు మూసివేసి, చిన్నగా నవ్వి, ఉపన్యాసం కొనసాగించారు. సభలో ఎవరూ ఏమీ అడగలేదు. కాని పాఠం రాసుకొనే బదులు తెరను ఫోటోలు తీసుకొనే అలవాటున్న మన విద్యార్థుల చేతులు అప్పటికే పైకి లేచి ఉన్నాయి.

సభ ముగిసింది. శాలువా కప్పారు. భోజనాలైనాయి. చేతులు కడుగుకొంటున్నప్పుడు నేను ఉండబట్టలేక, "ఆ అక్షరాల వరుస ఏమిటి నాయనా?" అని అడిగాను. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "అది నా క్లౌడ్ ఖాతా తాళంచెవి సార్. రద్దు చేయాలి. అందరిముందు చెప్పడానికి మనసొప్పలేదు" అన్నారు. అప్పటికి రెండు గంటలు గడిచాయి. ఈ లోపల తెర ఫోటోలు విద్యార్థుల మూడు వాట్సాప్ గ్రూపులకు చేరాయి. ఆ ఖాతాకు ఆయన బ్యాంకు కార్డు ముడిపడి ఉన్నది. భోజనశాల వసారాలోనే కూర్చొని ఆయన ఆ చెవిని రద్దుచేశారు, ఖాతాలోని జమాఖర్చులు, రాకపోకలు పరిశీలించారు. ఎవరూ దానిని వాడలేదు. అది మన అదృష్టమే గాని మన జాగ్రత్త ఎంతమాత్రం కాదు.

ఆనాటి నుండి ఈ విషయం తెలిసినవారిని అడిగి నేర్చుకొన్నంత నేర్చుకొన్నాను. అది నావంటి వారికి కూడా అర్థమయ్యేటట్లు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

క్లౌడ్ అనగా మేఘం. పేరు మేఘమే గాని వస్తువు భూమిమీదనే ఉన్నది. ఎవరో ఒక పెద్ద సంస్థ నడిపే వేలకొలది కంప్యూటర్లను మనం అద్దెకు తీసుకొని దూరం నుండి వాడుకొనడమే క్లౌడ్. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ మన హైదరాబాదులోనే అటువంటి కేంద్రాల సముదాయాన్ని ప్రారంభించింది. ఆ కంప్యూటర్లను మనిషి వాడదలచినప్పుడు పేరు, పాస్‌వర్డు ఇచ్చి లోపలికి వెళతాడు. మనం రాసిన ప్రోగ్రామే తనంతట తాను లోపలికి వెళ్లవలసినప్పుడు దానికి ఒక యాక్సెస్ కీ ఇస్తారు. అమెజాన్ పద్ధతిలో ఇందులో రెండు భాగాలున్నాయి. మొదటిది 20 అక్షరాల గుర్తింపు. రెండవది 40 అక్షరాల రహస్యం. ఈ రహస్యాన్ని చెవి తయారైన సమయంలో ఒక్కసారి మాత్రమే ఖాతాదారుకు చూపుతారు. పోగొట్టుకొంటే సంస్థ సైతం మళ్లీ చూపదు, కొత్తది చేసుకోవలసిందే. దాత ఒక్కసారి మాత్రమే చూపిన దానిని మనం సభ నిండా చూపడం ఎంత విపరీతమో ఆలోచించండి.

ఇంటి తాళంచెవిని ఎవరైనా చూచినంత మాత్రాన తలుపు తెరుచుకోదు. ఈ చెవికి మాత్రం చూడడమే చాలు. చూచినవాడు రాసుకొంటే అతని చేతిలో కూడా సరిగ్గా అటువంటి చెవే ఉన్నట్లు. పోయినట్లు మనకు తెలియదు, ఎందుకంటే మనది మన దగ్గరే ఉంటుంది. పైగా ఈ చెవితో వచ్చిన ప్రోగ్రామును, ప్రత్యేకంగా ఏర్పాటు చేసి ఉంటే తప్ప, యంత్రం ఓటీపీ అడగదు. నీవెవరవని ప్రశ్నించదు. ఆ చెవికి ఏయే గదులు తెరిచే అధికారం ఉన్నదో ఆ గదులన్నీ తెరుస్తుంది. దానితో అపరిచితుడు మన పేరుమీద పెద్ద పెద్ద యంత్రాలను నడిపి బిల్లు మన నెత్తిన వేయవచ్చు. దాచుకొన్న సమాచారాన్ని చదవవచ్చు, చెరిపివేయవచ్చు. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే సంస్థకు ఈ చివరి గతి పట్టింది. దాని క్లౌడ్ నియంత్రణ ఎవరో దుండగుడి చేత చిక్కింది. డబ్బు అడిగాడు. సంస్థ తన ఖాతాను తిరిగి చేజిక్కించుకోబోగా సమాచారాన్ని, దాని నకళ్లను సైతం చాలావరకు తుడిచివేశాడు. దాదాపు 12 గంటలలో ఆ సంస్థ కథ ముగిసింది.

ఇటువంటి పొరపాట్లు కుర్రవాళ్లే చేస్తారని అనుకొనడం సరికాదు. 2020 నవంబరులో ఐరోపా దేశాల రక్షణమంత్రులు ఆన్‌లైన్‌లో రహస్య సమావేశం జరుపుకొంటున్నారు. నెదర్లాండ్స్ రక్షణమంత్రి ఇంటినుండి పనిచేస్తున్న ఫోటో ఒకటి ఆమె ట్విట్టర్ ఖాతాలో వెలువడింది. అందులో కంప్యూటరు తెరమీద సమావేశపు చిరునామా, ఆరంకెల ప్రవేశసంఖ్యలో ఐదు అంకెలు కనబడుతున్నాయి. డేనియల్ వెర్లాన్ అనే టెలివిజన్ విలేఖరి ఆరవ అంకెను ఊహించి సమావేశంలో ప్రత్యక్షమైనాడు. దానికి ముందు 2015 ఏప్రిల్‌లో ఫ్రాన్సు దేశపు టీవీ5 మాండ్ అనే ఛానల్‌మీద సైబర్ దాడి జరిగింది. ఆ దాడిని గురించి ఆ సంస్థ ఉద్యోగి మరొక ఛానల్‌కు ఇంటర్వ్యూ ఇస్తుండగా, వెనుక గోడకు అంటించిన కాగితాలమీద ఖాతాల పాస్‌వర్డులు దేశమంతటికీ కనబడ్డాయి. మంత్రులకు, పాత్రికేయులకు తప్పనిది మన పూర్వ విద్యార్థికి తప్పలేదని నిందించడం న్యాయం కాదు.

మరి దాచడమెట్లా? సంతలో తుండుగుడ్డ బేరానికి ముందే భుజంమీద ఉంటుంది. అంకె బయటపడిన తరువాత గుడ్డ వెదకరు. ఇక్కడ కూడా అసలు పని ప్రదర్శనకు ముందే జరగాలి. మొదటి మాట, నిజమైన చెవిని సభకు తీసుకొనిరాకపోవడమే ఉత్తమం. ప్రదర్శన కొరకే వేరొక ఖాతా ఉంచుకోవాలి. అందులో ఎవరి సమాచారమూ ఉండరాదు. ఖర్చు హద్దు మీరితే తెలియజేసే బడ్జెట్ హెచ్చరికను పెట్టుకోవాలి. ఐతే ఆ హెచ్చరిక ఖర్చును తెలుపుతుందే గాని ఆపదని గుర్తుంచుకోవాలి. శాశ్వతమైన చెవికి బదులు కొన్ని గంటలలో తనంతట తాను చెల్లకుండా పోయే తాత్కాలికమైన చెవిని వాడే వీలున్నది. దానిని వాడడం మేలు. ఆ చెవికి కూడా ఆనాటి పాఠానికి ఎంత అవసరమో అంత అధికారమే ఇవ్వాలి.

రెండవ మాట, తెర మొత్తాన్ని పంచవద్దు. పాఠానికి కావలసిన ఒక్క విండోను మాత్రమే పంచాలి. నోటిఫికేషన్లు ఆపివేయాలి. బ్రౌజరులో ప్రదర్శనకు వేరే ప్రొఫైలు పెట్టుకొంటే సొంత ఉత్తరాలు, పాత వెదుకులాటలు తొంగిచూడవు. టెర్మినల్‌లో పై బాణం నొక్కితే లోగడ టైపుచేసిన ఆజ్ఞలన్నీ వరుసగా వస్తాయి. ఏనాడో అందులో చెవిని టైపుచేసి ఉంటే అదీ వస్తుంది. డాట్ ఎన్వ్ అనే ఫైలులో రహస్యాలు దాచుకొనడం ప్రోగ్రామర్ల అలవాటు. ఆ ఫైలు తెరిచినా అక్షరాలకు ముసుగు వేసే పరికరాలు నేటి ఎడిటర్లకు లభిస్తున్నాయి. ముసుగు ఉన్నా ఆ ఫైలు తెరవవలసి వస్తే ముందు షేరింగ్ ఆపి, పని ముగించి, తిరిగి మొదలుపెట్టడమే సభామర్యాద. అర నిమిషం మౌనానికి శ్రోతలెవరూ అలగరు.

మూడవ మాట రికార్డింగును గురించి. సభలో మూడు క్షణాలు కనబడినది రికార్డులో కలకాలం కనబడుతుంది. ఎవరైనా ఆ దృశ్యం దగ్గర నిలిపి తీరికగా చదువుకోవచ్చు. కాబట్టి గ్రూపులో పెట్టకముందే ఒకసారి పూర్తిగా చూడాలి. రహస్యం ఉన్నచోట మసకచేసి ఊరుకొంటే సరిపోదు. గళ్లు గళ్లుగా మసకచేసిన అక్షరాలను తిరిగి రాబట్టే ప్రోగ్రాములు 2020 నుండి అందరికీ అందుబాటులో ఉన్నాయి. కొన్ని సెల్‌ఫోన్లలో కత్తిరించి పారవేసిన బొమ్మభాగం సైతం ఫైలులోనే మిగిలిపోతున్నట్లు 2023 మార్చిలో బయటపడింది. పూర్తిగా నల్లని పట్టీ వేసి, ఆ భాగాన్ని కొత్త చిత్రంగా సిద్ధం చేసుకొనడమే క్షేమం. ఏది ఎట్లా ఉన్నా, ఒకసారి నలుగురి కంట పడిన చెవిని దాచడానికి ప్రయత్నించడం వృథా. దానిని రద్దుచేయడమే దారి. రికార్డును తుడిచినంత మాత్రాన చూచిన కళ్లను తుడవలేము గదా! ముందు ఆ చెవిని చెల్లకుండా చేసి, తరువాత కొత్తది తయారుచేసుకొని, పిమ్మట ఖాతా చిట్టాలో అపరిచితుల అడుగుజాడలేమైనా ఉన్నాయేమో చూడాలి. అమెజాన్ ఖాతాలో ఏ పని ఎప్పుడు జరిగినదో గడచిన 90 రోజుల చరిత్ర కనబడుతుంది.

కొందరు పెద్దలు, "మనది చిన్న కళాశాల. మన దగ్గర దొంగకు ఏమి దొరుకుతుంది?" అనవచ్చు. ఉపకార వేతనం దరఖాస్తులను ఒకసారి తలచుకొనండి. విద్యార్థి ఆధార్ సంఖ్య, తండ్రి ఆదాయం, బ్యాంకు ఖాతా, ఇంటి చిరునామా, ఫోను సంఖ్య అన్నీ అందులో ఉంటాయి. ఆ కాగితాలు ఇంతకుముందు కార్యాలయం బీరువాలో ఉండేవి. నేడు ఎక్కడి కళాశాల చూచినా అవి బీరువా దాటి కంప్యూటరులోకి, అక్కడి నుండి క్లౌడ్‌లోకి పోతున్నాయి. బీరువా చెవిని గుమాస్తా మొలతాడుకు కట్టుకొని తిరిగేవాడు. నేడు ఆ చెవి ఒక ఫైలులోని రెండు వరుసలు. మనం ఉర్దూలో అమానత్ అంటాము. అదే మాట తెలుగులోకి వచ్చి అనామతు ఐనది. జమాఖర్చుల పుస్తకాలలో నేటికీ అనామతు ఖాతా ఉన్నది. మనది కానిది, మనమీద నమ్మకంతో మన దగ్గర ఉంచినది అని దాని అర్థం. పేద తల్లిదండ్రులు దరఖాస్తు నింపి మన చేతికి ఇచ్చినప్పుడు ఇచ్చేది ఆ అనామతునే.

ఈ విషయం కంప్యూటరు చదివేవారికే పరిమితమైనదని కూడా అనుకోవద్దు. తెర పంచే ఒక యాప్‌ను ఫోనులో పెట్టించి, దాని ద్వారా ఓటీపీలు చూచి, ఖాతాలు ఖాళీచేసే మోసాన్ని గురించి 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. క్లౌడ్ చెవి ఎరుగని మన ఇంటి పెద్దలకు కూడా తమ ఫోను తెర ఒక అంగడే. "బ్యాంకు నుండి మాట్లాడుతున్నాము, ఈ యాప్ వేసుకొనండి" అన్నవాడికి తెర చూపవద్దని అమ్మకు, అబ్బాకు, అవ్వకు చెప్పవలసినవారు విద్యార్థులైన మీరే.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచిన మాటకు వస్తాను. ఆనాడు మన పూర్వ విద్యార్థి చెవిని చూపడం పొరపాటు. రెండు గంటలు మాట్లాడకపోవడం అంతకంటె పెద్ద పొరపాటు. ఐతే ఆ రెండవ దానిలో మనకూ భాగమున్నది. పదిమందిలో తప్పు ఒప్పుకొంటే పరువు పోతుందని ఆయనకు నేర్పినది మనమే గదా! నేనూ ఆ బడిలో చదివినవాడినే. 2021లో ఆన్‌లైన్ తరగతి చెబుతూ నేను తెర మొత్తాన్ని పంచాను. నా ఉత్తరాల జాబితా తెరుచుకొన్నది. ఫీజు తగ్గించమని ఒక విద్యార్థిని రాసుకొన్న ఉత్తరం, పేరుతో సహా, తరగతి అంతటికీ కనబడింది. నేను గ్రహించాను, మూసివేశాను, పద్యం దగ్గరికి వెళ్లిపోయాను. ఆ నెలంతా ఆ అమ్మాయి తరగతిలో నోరు విప్పలేదు. ఆనాడే ఆమెతో, "అమ్మా, తప్పు నాది" అని ఒక్క మాట అనగలిగి ఉంటే ఆమె మనసు కొంత తేలికపడేది. ఆ మాట అనడానికి నాకు ఏడాది పట్టింది.

పెద్ద సంస్థల కథ కూడా ఇదే. 2016లో ఉబర్ సంస్థ ప్రోగ్రాములలో దొరికిన క్లౌడ్ చెవితో ఇద్దరు లోపలికి చొరబడి 5 కోట్ల 70 లక్షలమంది ప్రయాణికుల, డ్రైవర్ల సమాచారాన్ని తీసుకొన్నారు. సంస్థ వారికి లక్ష డాలర్లు చెల్లించి, సంవత్సరంపాటు లోకానికి చెప్పకుండా దాచింది. 2017 నవంబరులో నిజం వెల్లడైంది. 2018లో అమెరికా రాష్ట్రాలతో రాజీకి 14 కోట్ల 80 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. 2022 అక్టోబరులో ఆనాటి భద్రతాధికారిని జ్యూరీ దోషిగా నిర్ణయించింది. ఆయనమీద మోపిన నేరం చెవి పోగొట్టుకొనడం కాదు, ప్రభుత్వ విచారణకు అడ్డుపడి సంగతిని దాచడం. మన దేశంలో కూడా 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచారం బయటికి పొక్కినప్పుడు సంబంధిత మండలికి, నష్టపోయిన వ్యక్తులకు తెలియజేయవలెనని నిర్దేశిస్తున్నది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడినాయి, దశలవారీగా అమలులోకి వస్తాయి.

"ఇంత దాపరికం మన విద్యార్థులను అనుమానించడం కాదా?" అని ఒక సహాధ్యాపకులు నన్ను అడిగారు. తుండుగుడ్డ వేసిన రైతు చుట్టూ నిలబడినవారిని దొంగలని అనడం లేదు. వారిలో అతని బావమరిది కూడా ఉండవచ్చు. గుడ్డ ఉన్నందువలన ఎవరినీ అనుమానించవలసిన అగత్యమే లేకుండా పోతున్నది. చెవి బయటపడితేనే సభలోని ప్రతి విద్యార్థీ అనుమానితుడు అవుతాడు. దానిని దాచడం విద్యార్థుల గౌరవానికి కూడా రక్షణే.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మూడు విన్నపాలు. ప్రదర్శనలకు, ప్రయోగశాలకు నిజమైన సమాచారం లేని ప్రత్యేక ఖాతాను ఏర్పాటు చేయించండి. తన సొంత కార్డు ముడిపెట్టి పాఠం చెప్పవలసిన అవస్థ అధ్యాపకునికి గాని, అతిథికి గాని రాకూడదు. సభ మొదలుకాకముందు తెర పంచే విధానాన్ని సరిచూచే బాధ్యతను ఒకరికి అప్పగించండి. మైకు పరీక్షించేవారు ఉన్నప్పుడు తెరను పరీక్షించేవారు ఎందుకు ఉండరాదు? మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. రహస్యమేదైనా బయటపడిన వెంటనే తానే చెప్పుకొన్న విద్యార్థిని గాని, ఉద్యోగిని గాని శిక్షించబోమని, ఎగతాళి చేయనివ్వబోమని లిఖితపూర్వకంగా ప్రకటించండి. శిక్షకు భయపడినవాడు తాళంచెవిని వదిలి తన తప్పునే దాచుకొంటాడు. ఆ దాచిన ప్రతి గంటా దొంగకు లాభం.

విద్యార్థి మిత్రులారా, మీలో అనేకులు రేపు బెంగుళూరులో, హైదరాబాదులో, కడలి దాటి ఇతర దేశాలలో ఇతరుల తాళంచెవులు మొలకు కట్టుకొని తిరిగేవారే. మీ తెర పంచే ముందు ఒక్క క్షణం ఆగి చూచుకొనండి. ఎదుటివారి తెరమీద చెవి కనబడితే ఫోను పైకెత్తవద్దు, చేయి పైకెత్తి చెప్పండి. మీదే కనబడితే ఉపన్యాసం ఆపి, "నా చెవి బయటపడింది, రద్దుచేసి వస్తాను, రెండు నిమిషాలు ఓపికపట్టండి" అనండి. ఆ మాట అన్నవారికి మన సభలో చప్పట్లు కొట్టే మొదటివాడిని నేనౌతాను.